క్రోమియం దగ్గర ఉన్నవి ఆరే

రిటైర్మెంట్ ఎలా జరిగిందంటే

నేను ముప్పై నాలుగో ఏట రిటైరయ్యాను. సన్మానం లేదు, శాలువా లేదు. హన్మకొండలో ఒక చెవి ముక్కు గొంతు డాక్టరు నా నోట్లో సన్నటి కెమెరా పెట్టి చూసి, "గొంతుల కాయలు కాసినయ్. ఏం పని చేస్తరు?" అన్నాడు.

"కెమిస్ట్రీ చెప్తాను సార్. రోజుకు ఏడు పీరియడ్లు."

"ఇగ చెప్పకుండ్రి."

అదే నా వీడ్కోలు సభ. ఉపన్యాసం క్లుప్తంగానూ, పనికొచ్చేలాగానూ ఉంది. పదకొండేళ్లలో నేను అలాంటిది ఒక్కటీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని ప్రశ్నల పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. ఆ పనికి గొంతు అక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. ఈ జూన్‌లో ఎమ్మెస్సీ ముగించి చాక్‌పీసు పట్టుకోబోతున్న వాళ్లు ముగ్గురు నలుగురు ఫోన్ చేసి, "అన్నా, అనుభవమున్నోనివి, ఏమన్న చెప్పు" అంటున్నారు. నేను ఫోన్లో ఎక్కువ మాట్లాడకూడదు. అందుకే రాస్తున్నాను.

ప్రమోషన్లు, జీతాలు, సెలవు చీటీల గురించి రాయను. మొదటిది రాలేదు, రెండోది ఆలస్యంగా వచ్చేది, మూడోదానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. రాసేదల్లా ఒక వారం గురించి. అప్పటికి నేను ఆ జూనియర్ కాలేజీలో చేరి రెండేళ్లు దాటింది. ఉద్యోగం వచ్చేసిందని అనుకుంటున్న రోజులు. పని ఇంకా రాలేదని ఆ వారం తెలిసింది.

పాట

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఆక్సీకరణ, క్షయకరణ చర్యలు చెప్పాలి. విషయం నిజానికి చిన్నది. ఒక పరమాణువు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ఆక్సీకరణం. ఇంకొకటి వాటిని అందుకుంటే క్షయకరణం. ఒకటి జరిగిన చోట రెండోది జరిగి తీరాలి. ఎలక్ట్రాన్లు దారిలో కాజీపేటలో దిగిపోవు. ఎవరు పోగొట్టుకున్నారో, ఎవరికి చేరాయో పట్టుకోవడానికి ప్రతి పరమాణువుకూ ఒక సంఖ్య తగిలిస్తాం. అదే ఆక్సీకరణ సంఖ్య. చర్యలో అది పెరిగితే ఆక్సీకరణం, తగ్గితే క్షయకరణం. ఇంతే.

ఇంత చిన్న విషయాన్ని ఎవరికీ అర్థం కాకుండా చెప్పడానికి నేనొక పద్ధతి కనిపెట్టాను. పాట.

"ఆక్సిజన్?" అని నేను అరిచేవాణ్ణి.

"మైనస్ రెండు!"

"హైడ్రోజన్?"

"ప్లస్ ఒకటి!"

"మొత్తం?"

"సున్నా!"

"మిగిలింది?"

"ఎక్స్!"

పొటాషియం పర్మాంగనేట్ తీసుకోండి. పొటాషియం ప్లస్ ఒకటి, నాలుగు ఆక్సిజన్లు మైనస్ ఎనిమిది, కాబట్టి మాంగనీస్ ప్లస్ ఏడు. పాట పాడితే జవాబు పడిపోతుంది. అరవై మంది ఒక్కసారిగా అరుస్తుంటే వరండాలో పోతున్న ప్రిన్సిపాల్ సుదర్శన్ సార్ ఆగి, తృప్తిగా తల ఊపి వెళ్లేవారు. మా కాలేజీలో చదువు బాగా జరుగుతోందంటే శబ్దం బాగా వస్తోందని అర్థం.

మినహాయింపులు ఉంటాయి. పెరాక్సైడ్లలో ఆక్సిజన్ మైనస్ ఒకటి, ఫ్లోరిన్ పక్కన ఉంటే ఏకంగా ప్లస్. పుస్తకంలో వాటిని చిన్న అక్షరాల్లో వేశారు కాబట్టి నేనూ చిన్న గొంతుతో చెప్పేవాణ్ణి. ఎందుకు అని ఎవరూ అడగలేదు. పాటల్లో ఎందుకు అని ఎవరూ అడగరు. పాట పెట్టడంలో ఉన్న సుఖమే అది.

సోమవారం

మా దగ్గర వారం వారం పరీక్ష. ప్రశ్నలు, జవాబులు ఒక పాత పుస్తకం నుంచి వచ్చేవి. ఎవరో సీనియర్ తయారు చేశాడు. ఆయన వెళ్లిపోయాడు, పుస్తకం మిగిలిపోయింది. దాని జిరాక్స్‌కు జిరాక్స్ తీసి, దానికి మళ్లీ జిరాక్స్ తీసి అందరం వాడేవాళ్లం. అక్షరాలు మసకబారే కొద్దీ దానిమీద మా భక్తి పెరిగేది.

ఆ వారం అందులోంచి ఒక ప్రశ్న ఇచ్చాను. CrO₅లో, అంటే ఒక క్రోమియం, ఐదు ఆక్సిజన్లు ఉన్న సమ్మేళనంలో, క్రోమియం ఆక్సీకరణ సంఖ్య ఎంత? పుస్తకం వెనక జవాబు: ప్లస్ పది. పాట పాడినా పదే వస్తుంది. ఐదు రెళ్లు పది. యాభై తొమ్మిది మంది పది అని రాశారు. ఒక్కరు ఆరు అని రాశారు. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టి పక్కన "రూల్స్ చదువు" అని రాశాను. ఆ మాట రాసేటప్పుడు నేను చాలా మంచి మాస్టర్ని అనిపించింది కూడా.

ఆరు అని రాసిన అమ్మాయి పేరు రజిత. ఊరు కేసముద్రం. తండ్రి ఐలయ్య అక్కడి మార్కెట్ యార్డులో పనిచేస్తాడు. ఆమె సర్కారు బడిలో తెలుగు మీడియంలో చదివి వచ్చి మా కాలేజీ హాస్టల్లో ఉండేది. మొదటి రోజు పరిచయాల్లో అందరూ ఇంజనీరింగ్ అన్నారు. ఈమె ఒక్కతే, "ఫార్మసీ చేస్త సార్. మందులు మంచియో కావో టెస్టు చేస్తరు కదా, ఆడ కూసుంట" అంది. అందుకే గుర్తుండిపోయింది.

సోమవారం పేపర్లు పంచగానే రజిత లేచి నిలబడింది.

"సార్, క్రోమియం దగ్గర ఇచ్చేటియి బయట ఉన్నయే ఆరు ఎలక్ట్రాన్లు. పది ఏడికెళ్లి తెచ్చి ఇస్తది?"

గొప్ప ప్రశ్న. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తెలిసిందల్లా నా దగ్గర జవాబు లేదని. జవాబు లేనప్పుడు కొందరు సార్లు కోప్పడతారు, కొందరు గంట కోసం చూస్తారు. నేను జోకు వేస్తాను.

"తక్కువ పడ్డ నాలుగు మీ కేసముద్రం యార్డుల వేలం పాడి తెచ్చుకుంటదమ్మా. కూర్చో."

క్లాసు విరగబడి నవ్వింది. ఆమె కూర్చుంది. నేను తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. మొత్తం అర నిమిషం పట్టలేదు.

సాయంత్రానికి ఆమె పేరు బస్తా రజిత అయింది. వాట్సాప్ గ్రూపులో గోనె బస్తా మీద "ఎలక్ట్రాన్లు, నాలుగు కిలోలు" అని రాసిన స్టిక్కర్ తిరిగింది. అది నా ఫోనుకూ వచ్చింది. చెప్పకుండా దాచడం ఎందుకు, నేనూ నవ్వాను. జోకు నాదే కదా, పేరు వస్తోందని సంబరం.

కొత్తగా చేరేవాళ్లకు ఇక్కడ ఒక మాట. క్లాసులో జోకులు వేయండి. లేకపోతే మధ్యాహ్నం మూడు గంటల పీరియడ్లో మీతో సహా అందరూ నిద్రపోతారు. కానీ మీ మీద వేసుకోండి, ప్రిన్సిపాల్ మీద వేయండి, ఆక్సిజన్ మీద వేయండి. లేచి ప్రశ్న అడిగినవాళ్ల మీద వేయకండి. నిలబడి ఉన్నవాళ్లకు దెబ్బ ఎక్కువ తగులుతుంది.

యాకూబ్ భాయ్

మా ల్యాబ్ అటెండర్ యాకూబ్ భాయ్. ఇరవై ఏళ్ల పైగా అదే ల్యాబ్‌లో ఉన్నాడు. పదో తరగతితో చదువు ఆగింది. మా డిపార్ట్‌మెంట్‌లో కెమిస్ట్రీ తెలిసిన మనిషి ఆయన. మిగతా మేమంతా ఎమ్మెస్సీలం.

నేను చేరిన కొత్తలో పర్మాంగనేట్ టైట్రేషన్ చేసి చూపించబోయాను. ఊదా రంగు ద్రావణం చుక్క చుక్కగా పడాలి, పడిన చుక్క రంగు పోవాలి, ఆఖరి చుక్కకు లేత గులాబీ రంగు నిలవాలి. నాకు గులాబీ రాలేదు. గోధుమ రంగు బురద వచ్చింది. పిల్లలు ఎంతో మర్యాదగా ఆ బురదను చూస్తున్నారు. యాకూబ్ భాయ్ వెనక నుంచి వచ్చి నాకు మాత్రమే వినపడేలా అన్నాడు: "సార్, యాసిడ్ మరిచినట్టున్నరు."

తరువాత నన్ను పక్కకు పిలిచి వివరించాడు. "ఊదా రంగుంటే ఏడు సార్. యాసిడ్ మంచిగ పడితే రెండుకు దిగుతది, రంగే ఉండదు. యాసిడ్ లేకుంటే నడుమల నాలుగు కాడ ఆగుతది, గిట్ల బురదయితది. నేను లెక్కలు చెయ్య సార్, రంగు చూస్త."

మాంగనీస్ ప్లస్ ఏడు నుంచి ప్లస్ రెండుకో, ప్లస్ నాలుగుకో దిగడమంటే ఏమిటో నేను ఎమ్మెస్సీలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. చూసింది మాత్రం ఆ రోజే.

మన వారానికి వద్దాం. బుధవారం రెండో సంవత్సరం వాళ్లకు క్రోమియం పరీక్ష చూపించాలి. యాకూబ్ భాయ్ ముందుగా బర్నర్లన్నీ ఆర్పేశాడు. ఈథర్ వాడేటప్పుడు మంట ఉండకూడదు. నారింజ రంగు డైక్రోమేట్ ద్రావణంలో ఆమ్లం కలిపాడు, పైన ఈథర్ పోశాడు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దిగా పోసి గొట్టం ఊపాడు. పైన ఈథర్ పొర ముదురు నీలమైంది. నిజంగా బాగుంటుంది ఆ నీలం.

"జర ఆగుండ్రి, ఇది ఉండదు," అన్నాడు పిల్లలతో. "బుడగలొచ్చి ఆకుపచ్చగయితది. నిలకడలేని రంగు."

"ఈ నీలం ఏమిటి సార్?" అని ఒక పిల్లవాడు నన్ను అడిగాడు.

"క్రోమియం పెరాక్సైడ్. CrO₅," అన్నాను ఠక్కున.

అన్నాక నోరు అలాగే ఉండిపోయింది.

CrO₅ పెరాక్సైడ్ అని నాకు తెలుసు. CrO₅లో క్రోమియం ప్లస్ పది అని పుస్తకంలో ఉన్నదీ తెలుసు. ఈ రెండూ నా తలలో ఇన్నాళ్లూ వేర్వేరు గదుల్లో అద్దెకుంటున్నాయి. ఒకదాని ముఖం ఒకటి చూడలేదు. ఆ రోజు మెట్ల దగ్గర ఎదురుపడ్డాయి.

బల్ల మీదే కాగితం పెట్టి గీశాను. ఐదు ఆక్సిజన్లలో నాలుగు, రెండేసి చొప్పున జతలుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అవి పెరాక్సైడ్ ఆక్సిజన్లు, ఒక్కొక్కటి మైనస్ ఒకటి. మిగిలిన ఒక్కటే మైనస్ రెండు. మొత్తం మైనస్ ఆరు. క్రోమియం ప్లస్ ఆరు.

యాకూబ్ భాయ్ భుజం మీదుగా చూసి, "ఏమైంది సార్, మొఖం గట్ల పెట్టిండ్రు?" అన్నాడు.

"ఒక పిల్ల కరెక్టుగా రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసిన భాయ్."

"నల్ల ఇంకుతోని దిద్దుండ్రి మరి. అండ్ల ఏమున్నది?"

గురువారం

యాకూబ్ భాయ్‌కు అందులో ఏమీ లేదు. కాలేజీకి చాలా ఉంది. నేను దిద్దేలోపే గురువారం పొద్దున ప్రిన్సిపాల్ సుదర్శన్ సార్ పిలిచారు. బల్ల మీద ఒక ఫారం ఉంది. గ్రూపు మార్పు కోసం దరఖాస్తు. ఎంపీసీ నుంచి సీఈసీకి. పేరు రజిత. కారణం అన్న గీత మీద గుండ్రటి అక్షరాలతో: కెమిస్ట్రీ అర్థం కావడం లేదు.

"ఏం సంపత్, పిల్లలు పారిపోతాండ్లు?" అన్నారు సార్.

సీఈసీ చెడ్డదేమీ కాదు. అందులో చదివి నాకంటే బాగా బతుకుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల గొంతులు కూడా బాగున్నాయి. కానీ అందులో కెమిస్ట్రీ ఉండదు. శనివారం ఆఖరి రోజు. తండ్రి వచ్చి సంతకం పెడితే అంతే, ఫార్మసీ తలుపు మూసుకున్నట్టే. అరవై మందిలో ఒక్కతే సరిగ్గా జవాబు రాసింది, అర్థం కావడం లేదని ఆమే వెళ్లిపోతోంది. అర్థం కాని యాభై తొమ్మిది మంది, అర్థం కాని నేను, అందరం హాయిగా ఉన్నాం.

జరిగింది సార్‌కు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ల సర్వీసు. జీవితంలో ఆయన నమ్మినవి రెండే: సమయానికి గంట కొట్టాలి, మాస్టరు తప్పు ఒప్పుకోకూడదు.

"పిల్లను పక్కకు పిలిచి చెప్పు. మార్కు కలుపు. క్లాసుల మాత్రం చెప్పకు."

"క్లాసులనే నవ్విన కద సార్."

"ఒక్కసారి ఒప్పుకున్నవంటే రేపట్నుంచి ప్రతి మార్కుకు పంచాయితే. నేను ఫిజిక్స్‌ల ఎన్ని తప్పులు చెప్పిన్నో నాకే తెల్వదు. ఒక్కడన్న కనిపెట్టిండా?"

ఆయన దాన్ని విజయంగా చెప్పారు. నేను ఆ వాక్యాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. బాసుల గురించి కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే: సుదర్శన్ సార్ లాంటివాళ్ల దగ్గర టైమ్ పాటించడం నేర్చుకోండి. అది ఆయనకు నిజంగా వచ్చు.

దుప్పటి

శుక్రవారం క్లాసుకు వెళ్లాను. రజిత ముందు బెంచీలో లేదు, గోడ పక్కన ఆఖరి వరసలో ఉంది. జోకుతో మొదలుపెట్టి మెల్లగా తప్పు దగ్గరికి వద్దామని రెండు మూడు తయారు చేసుకున్నాను. బోర్డు వైపు తిరిగేసరికి ఒక్కటీ గుర్తులేదు. అందుకే మామూలుగా చెప్పాను.

"సోమవారం పేపర్లో CrO₅ జవాబు పది కాదు, ఆరు. పుస్తకంలో తప్పు ఉంది, నేను చూసుకోలేదు. సరిగ్గా రాసింది రజిత ఒక్కతే. అడిగితే నేను జవాబు చెప్పలేక ఎగతాళి చేశాను. ఆ తప్పు పుస్తకంది కాదు, నాది."

పైకప్పు కూలలేదు. ఎవరూ పంచాయితీ పెట్టలేదు. వెనక నుంచి ఒకడు మాత్రం, "మరి మా మార్కు పోతదా సార్?" అన్నాడు. పోతుందన్నాను. యాభై తొమ్మిది మంది ఒకేసారి నిట్టూర్చారు. అంత ఏకకంఠంగా పాట కూడా ఎప్పుడూ పాడలేదు.

ఇక ఎందుకు ఆరో చెప్పాలి. పాట పనికిరాదు. ముందు రోజు ఇంట్లో కూర్చుని తిప్పలు పడి ఒకటి ఆలోచించుకున్నాను.

"హాస్టల్లో ఒక మంచం మీద ఇద్దరు పడుకున్నరు, దుప్పటి ఒక్కటే. ఎవరి మీద ఉంటది?"

"బలమున్నోని మీద!" అన్నారు హాస్టల్ వాళ్లంతా. అనుభవం.

"రెండు పరమాణువులు పంచుకున్న ఎలక్ట్రాన్లు ఆ దుప్పటి. ఆక్సిజన్ బలమైనది. క్రోమియం పక్కన పడుకుంటే దుప్పటి మొత్తం ఆక్సిజన్‌దే అని రాసుకుంటం. క్రోమియంతో రెండు బంధాలుంటే రెండు ఎలక్ట్రాన్లు దానివైపు, అందుకే మైనస్ రెండు. ఇప్పుడు చెప్పండి, మంచం మీద రెండూ ఆక్సిజన్లే అయితే?"

అరవై మంది ఆలోచిస్తే ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నేను వినడం అదే మొదటిసారి. ఎవరో అన్నారు: "ఇద్దరు సమానమే. ఎవ్వలు గుంజలేరు."

"అంతే. జతలో ఉన్న ఆక్సిజన్‌కు రెండో ఆక్సిజన్ నుంచి ఏమీ రాదు. క్రోమియం వైపు నుంచి వచ్చిన ఒక్కటే. అందుకే మైనస్ ఒకటి. ఫ్లోరిన్ సంగతా? అది ఆక్సిజన్ దుప్పటి కూడా గుంజే రకం."

ఎప్పుడూ చిన్న గొంతుతో చెప్పే మినహాయింపులు ఆ రోజు మినహాయింపులు కాకుండా పోయాయి. అన్నిటికీ ఒకటే కారణం. నా పాటలో లేనిది అదే.

అప్పుడు ఆఖరి వరసలోంచి రజిత, నాతో కాదు, పక్కనున్న అమ్మాయితో అన్నట్టుగా అంది: "అసలు ఎవ్వరు గుంజుకోలే కదా. ఇద్దరు కప్పుకునే ఉన్నరు. గుంజుకున్నడని మనం అనుకుంటాన్నం, గంతే."

చాక్‌పీసు కింద పెట్టాను. ఆక్సీకరణ సంఖ్య నిజమైన విద్యుదావేశం కాదు, లెక్క కోసం మనం చేసుకునే ఊహ. ఈ మాట నాకు డిగ్రీ రెండో సంవత్సరంలో అర్థమైంది. ఆమెకు దుప్పటి చెప్పిన నాలుగో నిమిషంలో అర్థమైంది.

గంట కొట్టాక వరండాలో పట్టుకున్నాను.

"ఫారం వెనక్కి తీసుకో రజితా."

"నాన్న రేపొస్తాండు సార్ సంతకం పెట్టనీకి."

"నీకు కెమిస్ట్రీ వస్తది. ఇప్పుడు క్లాసులో చెప్పింది నువ్వే కదా."

"వస్తదో రాదో కాదు సార్." ఆమె పుస్తకాలు రెండో చేతిలోకి మార్చుకుంది. "నాకు మస్తు డౌట్లొస్తయి. అడిగితే నవ్వుతరు. అడగకుంటే చదవరాదు. సీఈసీల అయితే నాకు డౌట్లు రావు, మంచిగ చదువుకుంట."

తప్పు ఒప్పుకుంటే కథ సుఖంగా ముగుస్తుందని నేను అనుకున్నాను. ఒప్పుకోవడం నాకు తేలికైంది, అంతే. ఆమెకు ఏమీ మారలేదు.

శనివారం

ఐలయ్య మధ్యాహ్నం రైల్లో వరంగల్ దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో హన్మకొండ వచ్చాడు. ప్రిన్సిపాల్ మీటింగులో ఉన్నారని ఆఫీసు అటెండర్ చెప్తే, కెమిస్ట్రీ సార్ ఎక్కడుంటాడని అడిగి కూతురితో సహా నేరుగా ల్యాబ్‌కే వచ్చేశాడు. చేతిలో ఫారం. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చొక్కా జేబులో పెన్ను పక్కనే వడ్ల గింజలు నాలుగైదు.

"సార్, ఐదు గంటలకు మళ్ల బండున్నది. ఒక్కటే మాట అడుగుత. మా పిల్లకు కెమిస్ట్రీ రాదా?"

"వస్తుందన్నా. ఈ వారం నాకే రాలేదు."

సోమవారం ఆమె ఏమడిగిందో, నేను ఏమన్నానో మొత్తం చెప్పాను. యార్డు మాట కూడా చెప్పాను. దాస్తే బాగుండు అనిపించింది కానీ రజిత పక్కనే నిలబడి ఉంది.

ఐలయ్య కోప్పడలేదు. "యార్డుల నా పని ఏందో తెలుసా సార్? బస్తాల ఇనుప గొట్టం గుచ్చుత. పైన చూస్తే అన్ని బస్తాలు ఒక్కతీరే ఉంటయి. గొట్టం లోపలికి పోతెనే లోపల తేమున్నదా, తాలున్నదా ఎర్కయితది. గుచ్చకుంట ఎవ్వడన్న చెప్తే ఆన్ని నమ్మం."

"మీ పిల్ల చేసిందీ అదే అన్నా. మేమందరం బస్తా మీద రాసింది చదివాం. ఆమె గుచ్చి చూసింది."

ఐలయ్య కూతురి వైపు తిరిగాడు. "ఏందే, గింత దానికా? నీకు రాదనుకున్న నేను."

"గింత దానికేనా?" అంది రజిత. "నిన్ను బస్తా ఐలయ్య అంటే ఊకుంటవా?"

"యార్డుల గట్లనే అంటరు నన్ను."

యాకూబ్ భాయ్ సింక్ దగ్గర గొట్టాలు కడుగుతూ ఫక్కున నవ్వాడు. రజిత కూడా నవ్వబోయి ఆపుకుంది. ఆ గదిలో జోకు పేలితే, వేసింది నేను కాదు. నా వృత్తి జీవితంలో అదో రికార్డు.

"సంతకం నీ ఇష్టం బిడ్డా," అన్నాడు ఐలయ్య ఫారం బల్ల మీద పెడుతూ. "పెట్టుమంటే పెడత. నీ చదువు నువ్వే చదవాలె, నేనైతే చదవ."

రజిత ఫారం వైపు చాలాసేపు చూసింది. నేను చెప్పాలనుకున్నవి శుక్రవారమే అయిపోయాయి, వాటితో పని జరగలేదు. గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. స్టేషన్‌కు పోవాలంటే ఐలయ్య ఇప్పుడే కదలాలి.

"సార్," అంది చివరికి. "ఒకటి అడగాలె."

"అడుగు."

"నవ్వద్దు."

"నవ్వను."

"భాయ్ కూడ నవ్వద్దు."

యాకూబ్ భాయ్ నల్లా కట్టేశాడు. "నేను నవ్వ బిడ్డా, అడుగు."

"టెట్రాథయోనేట్ ఉన్నది కదా సార్. నాలుగు సల్ఫర్లు, ఆరు ఆక్సిజన్లు, పైన మైనస్ రెండు. లెక్క చేస్తే ఒక్కో సల్ఫర్‌కు రెండున్నర వస్తాంది. ఎలక్ట్రాన్‌ల సగం ఎట్లుంటది సార్? సగం ఎట్ల ఇస్తది, సగం ఎట్ల తీసుకుంటది?"

అది మా సిలబస్‌లో ఉంది. రెండేళ్లుగా రెండున్నర అని రాయించి టిక్కు పెడుతున్నాను. సగం ఎలక్ట్రాన్ గురించి నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. నాలుక చివర ఒక జోకు తయారైంది, చాలా మంచిది. మింగేశాను.

"నాకు ఇప్పటికిప్పుడు తెలియదు," అన్నాను. "కానీ సగం ఉండదు, నువ్వన్నది నిజం. గీసి చూద్దాం. నాలుగూ ఒకే తీరుగా ఉన్నాయని మనకు ఎవరు చెప్పారు?"

ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "సల్ఫర్ సల్ఫర్ పక్క పక్కన ఉంటే ఎవ్వలు గుంజలేరు కదా."

"ఉంటాయి. నాలుగూ వరసగా."

"అయితే నడుమ రెండింటికి పక్కన ఆక్సిజనే లేదు. వాటిని ఎవ్వలు గుంజలే. సున్నా." ఆమె చేతులు కాగితం కోసం బల్లంతా వెతుకుతున్నాయి. "మరి మొత్తం పది ఆ చివర ఈ చివర ఉన్నోల్ల మీదనే పడాలె..."

నేను ఐలయ్య వైపు చూశాను. "అన్నా, మీ బండి టైమైతోంది. ఆటో దొరకాలి..."

ఆయన యాకూబ్ భాయ్ జరిపిన స్టూలు మీద అప్పటికే కూర్చున్నాడు.

"బండి పోతే ఇంకోటొస్తది సార్. పిల్ల అడుగుతాంది కదా, కానియ్యుండ్రి."

రజితకు కాగితం దొరికింది. బల్ల మీద ఉన్న ఫారాన్ని బోర్లా తిప్పి, వెనక ఖాళీగా ఉన్న వైపు నాలుగు సల్ఫర్లను వరసగా రాసి, రెండు చివర్లా మూడేసి ఆక్సిజన్లు తగిలించింది. చివరి సల్ఫర్ల పక్కన ఐదు, ఐదు. నడుమ సున్నా, సున్నా. కూడి నాలుగుతో భాగించి చూసుకుంది. రెండున్నర.

"సగం లేదు సార్," అంది తల ఎత్తకుండానే. "ఉత్తగ సగటు చేసిండ్రు." దాని కింద గీత గీసి, ఇంకో సమ్మేళనం రాయడం మొదలుపెట్టింది.